కడుపు నిండని కొర్రమట్ట

వల లాగి పడవలో బోర్లిస్తే పడినవన్నీ అరచేతిలో సగానికి మించని చేపలు. డాక్టర్ సులోచన వాటిలో ఒకదాన్ని తోక పట్టి ఎత్తి, బొటనవేలితో పొట్ట నొక్కింది. పసుప్పచ్చని గుడ్లు బయటికొచ్చి ఆమె గ్లవుజుకు అంటుకున్నాయి.

"చూశావా ఎల్లేశం, ఇది పిల్ల కాదు. ముసలిది. ఈ నీళ్లలో దీనికి మనవలు, మునిమనవలు ఉండి ఉంటారు."

ఎల్లేశం తెడ్డు ఒళ్లో పెట్టుకుని నవ్వాడు. అతను సులోచన చెల్లెలు స్వరూప భర్త. ఎర్రవాగు జలాశయం ఒడ్డున ఉన్న తుంగపాడులో చేపలు పట్టేవాళ్ల సంఘానికి అధ్యక్షుడు కూడా.

"జిలేబీలు గంతే వదినా. పెరగయి, ఒడవయి. అయినా పులుసుకు పనికొస్తయి గద."

పులుసుకు పనికొస్తాయట. సులోచన ఆ చేపను నీళ్లలోకి విసిరేసింది. తుంగపాడు అంటే ఆమెకు ఎందుకు ఒళ్లు మంటో ఆ ఒక్క మాటలో ఉంది. అక్కడ ఏ దరిద్రాన్ని చూపించినా, అది దేనికో ఒకదానికి పనికొస్తుందనేవాడు ఒకడుంటాడు. కారే కప్పు కింద గిన్నె పెట్టుకుని, నీళ్లు దొరికాయి కదా అనుకునే మనుషులు.

ఊళ్లో అందరూ జిలేబీ అని పిలిచే ఆ చేప తిలాపియా. ఎప్పుడో ఎవరో తెచ్చి జలాశయంలో వేశారు. ఏడాది పొడుగునా పిల్లలు పెడుతూనే ఉంటుంది. ఉన్న తిండి అన్ని నోళ్లకు చాలదు కాబట్టి ఏదీ ఎదగదు. ఎదగకుండానే మళ్లీ గుడ్లు పెడుతుంది. ప్రభుత్వం వదిలే బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు వాటి మధ్య ఆకలికి మాడి చచ్చేవి. నీళ్ల నిండా చేపలే, తక్కెడ మీద పెట్టదగ్గ చేప ఒక్కటి లేదు.

సులోచన పుట్టింది ఆ ఊళ్లోనే. తండ్రి ఇలాంటి పడవే నడిపాడు. పట్నం హాస్టల్లో చేరినప్పుడు పక్క మంచం పిల్ల నీసు వాసన అని ముక్కు మూసుకుంది. అప్పటినుంచి సులోచన చేప నోట పెట్టలేదు. మాట మార్చుకుంది, నడక మార్చుకుంది, చదివి చదివి మత్స్యశాస్త్రంలో పేరు తెచ్చుకుంది. పెళ్లి చేసుకోలేదు, చేసుకోదగ్గవాడు కనబడలేదని తనే చెప్పేది. జలాశయం కట్ట మీదున్న పరిశోధన కేంద్రంలో ఆమె కొలువు. అక్కడి కిటికీలోంచి తుంగపాడు ఇళ్లు కనిపిస్తాయి. చెల్లెలింటికి మాత్రం ఏడాదికోసారి వెళ్తే గొప్ప.

*

మంద ఎక్కువైనచోట వేటాడేదాన్ని వదలాలి. అందరికీ తెలిసిన వైద్యమే. కేంద్రంవాళ్లు ముందు మామూలు కొర్రమట్టల్ని వదిలి చూశారు. అవి పాములా తల చాచి, ఒకటి రెండు జిలేబీల్ని గుటుక్కున మింగి, గుర్రపుడెక్క నీడలోకి పోయి పడుకునేవి. ఆ తర్వాత ముక్కు ముందునుంచి మంద పోతున్నా కదిలేవి కావు.

"తిని పడుకునే జాతి. అచ్చం మా ఊరివాళ్లు," అంది సులోచన తన సహాయ శాస్త్రవేత్త ఫర్హానాతో.

ఆమె పరిశోధనంతా ఆ ఏవగింపులోంచే పుట్టింది. తిన్న కడుపు మెదడుకు ఒక కబురు పంపుతుంది, ఇక ఆపమని. ఆ కబురును దారిలోనే తుంచేసే పదార్థాన్ని ఆమె తయారు చేసింది. దాన్ని సూదితో ఎక్కించే అవసరం లేకుండా, చేప తన కండలోనే తయారు చేసుకునేలా గుడ్డు దశలోనే జన్యువును మార్చింది. పని అయ్యాక వాటంతట అవే అంతరించాలని వాటిని పిల్లలు పెట్టని గొడ్డుచేపలుగా చేసింది.

మొదటి చేపను గాజు తొట్టిలో వదిలి, బకెట్టెడు జిలేబీల్ని కుమ్మరించినప్పుడు ప్రయోగశాలలో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. కొర్రమట్ట మింగింది. మళ్లీ మింగింది. పొట్ట ఉబ్బి ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒరిగినదే ఒరిగినట్టు ఈదుతూ ఇంకొకదాన్ని పట్టింది. లోపల చోటు లేక కక్కింది. కక్కిన వెంటనే మళ్లీ పట్టింది. చివరికి మింగడం మానేసి కొరికి వదలడం మొదలుపెట్టింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఫర్హానా ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఎందుకు తిప్పుకుంటావు? చూడు. పని చేయడమంటే ఇది," అంది సులోచన.

కేంద్రం డైరెక్టర్ వేణుమాధవ్ వెనకనుంచి చప్పట్లు కొట్టాడు. ఆయన కూడా శాస్త్రవేత్తే, కాగితాల మీద. ఫోటోలో ఎవరి పక్కన నిలబడితే బాగుంటుందో ఆయనకు తెలిసినంతగా చేపకు మొప్పలు ఎటువైపుంటాయో తెలియదని సులోచన నమ్మకం.

"అద్భుతం మేడమ్. వానలు పడి నీళ్లు నిండగానే వదిలేద్దాం. మంత్రిగారిని పిలుస్తాను."

"పిలవండి. కొర్రమట్ట ఏదో, మంత్రిగారు ఏదో జనానికి తేడా తెలిసేలా ఒక బోర్డు కూడా పెట్టించండి," అంది. వేణుమాధవ్ పెద్దగా నవ్వాడు. తనమీద కాని ఏ వెటకారానికైనా ఆయన నవ్వుతాడు.

ఆ మాంసాన్ని ఉడికించి ఎలుకలకు పెట్టి చూడటం ఫర్హానా పని. కొన్నాళ్లకు ఆమె సులోచన గదిలోకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"మేడమ్, ఎలుకలు గిన్నె వదిలి కదలట్లేదు."

"రుచిగా ఉందన్నమాట."

"అలా కాదు మేడమ్. పొట్టలు నేలకు ఆనుతున్నాయి. అయినా తింటూనే ఉన్నాయి. ఆ పదార్థం ఉడికినా పోవట్లేదేమో అని నా అనుమానం. ఇంకొన్నాళ్లు చూస్తే బాగుంటుంది."

"ఉడికితే పోతుంది. పెడితే తింటాయి ఫర్హానా, అవి ఎలుకలు, సన్యాసులు కాదు. లావెక్కాయి, జబ్బు పడలేదు. అదే రాయి. వాటిని ఇక తీసేయి."

ఫర్హానా ఇంకేదో అనబోయి ఆగిపోయింది. తన ముందు జనం అలా ఆగిపోవడం సులోచనకు అలవాటే. వాళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ లేదు కాబట్టే ఆగిపోతారని ఆమె అనుకునేది.

*

చేపల్ని వదిలే ముందు తుంగపాడు సంఘం షెడ్డులో మీటింగు పెట్టారు. కొత్త కొర్రమట్టల్ని ఎవరూ పట్టకూడదు, పడితే వదిలేయాలి, తినకూడదు అని సులోచన చెప్పింది. షెడ్డు గోడకు అదే మాట రాసిన బోర్డు కొట్టించింది.

వెనక వరసలో నవ్వులు లేచాయి. ఎల్లేశం కూడా నవ్వాడు. "కొర్రమట్ట వలల పడితే నీళ్లల్ల ఇడుస్తరా వదినా ఎవలన్న? జెరమొచ్చి లేసినోళ్లకు మేం పెట్టేదే గది."

"తినకూడదని చెప్పాను. చదువు వచ్చినవాళ్లు బోర్డు చదవండి. రానివాళ్లు చదివించుకోండి."

"ఎందుకు తినద్దో గది గూడ జెప్పు."

"చెబితే అర్థమవుతుందా?" అంది సులోచన. ఎల్లేశం తల గోక్కుని, సరే అన్నాడు.

వాళ్లు తింటారని ఆమెకు తెలుసు. ఈ మనుషుల సంగతి ఆమెకు తెలియనిదా. అయినా ఉడికితే ఏమీ కాదని తన నమ్మకం, చెప్పాల్సింది చెప్పింది, ఆపైన వాళ్ల ఇష్టం. మంత్రిగారు వచ్చి ప్లాస్టిక్ తొట్టిలోంచి మొదటి చేపను వదిలారు. అది నీళ్లలో పడీపడగానే వేట మొదలుపెట్టింది. ఫోటోగ్రాఫరు కోసం రెండోసారి వదలమన్నప్పుడు ఆ చేప దొరకలేదు. వేరేది తేవాల్సి వచ్చింది.

ఆ చలికాలం అయ్యేసరికి ఎర్రవాగు మారిపోయింది. మొదట కొరికి వదిలేసిన జిలేబీలు తెట్టెలు తెట్టెలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కొంగలు కూడా తినలేక వదిలేశాయి. తర్వాత అదీ ఆగిపోయింది. వల వేస్తే జిలేబీ రావడం లేదు. అప్పుడు, కొర్రమట్ట నోట పట్టనంత పెద్దవయ్యేదాకా పంజరాల్లో పెంచిన బొచ్చెల్ని, రవ్వల్ని వదిలారు. తిండికి పోటీ లేక అవి చూస్తుండగానే బలిశాయి. తుంగపాడు మగవాళ్లు రెండు చేతులా ఎత్తితే గానీ లేవని చేపల్ని భుజాన వేసుకుని ఫోటోలు దిగారు. ఇళ్ల ముందు కొత్త మోటారు సైకిళ్లు కనిపించాయి.

రాజధానిలో సన్మానం చేశారు. శాలువా కప్పినవాడి పేరు సులోచన తెలుసుకోలేదు. వేదిక మీద ఆమె మాట్లాడింది కొంచెమే.

"తృప్తి గొప్ప గుణమని మనకు చిన్నప్పటి నుంచి నేర్పుతారు. అది గుణం కాదు. వెనకబడినవాళ్లను వెనకే ఉంచే జబ్బు. నేను ఒక చేపకు ఆ జబ్బు నయం చేశాను. మనుషులకు ఎవరు చేస్తారో తెలియదు."

జనం చప్పట్లు కొట్టారు. వేణుమాధవ్ ఆ మాటల్ని మర్నాడు పత్రికలవాళ్లకు తన మాటలుగా చెప్పుకున్నాడు.

*

ఎండాకాలంలో స్వరూప మనవరాలి ఇరవయ్యొకటో రోజుకు సులోచన వెళ్లక తప్పలేదు. టెంటు కింద బల్లలు వేసి భోజనాలు పెడుతున్నారు. కుర్చీలో కూర్చున్న సులోచనకు కొంతసేపటికి గానీ అక్కడ ఏది వింతగా ఉందో తట్టలేదు. మొదటి బంతి లేవడం లేదు. వెనక నిలబడ్డవాళ్లు లేవమని అరుస్తున్నారు. కూర్చున్నవాళ్లు వినిపించనట్టు వంగి తింటున్నారు. మాటల్లేవు, నవ్వుల్లేవు. కూర అయిపోయిందంటే వట్టి అన్నం పెట్టించుకున్నారు. అదీ అయిపోయిందంటే ఒక పెద్దాయన పక్కవాడు వదిలిన ఎముకలు తీసుకుని చప్పరించాడు. అందరి ముఖాలూ ఉబ్బి ఉన్నాయి.

నాలుగు రాళ్లు చేతికి రాగానే ఇదీ వీళ్ల వరస, అనుకుంది సులోచన.

స్వరూప కనిపించకపోతే వంటల వైపు వెళ్లింది. చెల్లెలు గోలెం చాటున గొంతుక్కూచుని, నానబెట్టిన పచ్చి బియ్యం గుప్పిళ్లతో నోట్లో వేసుకుంటోంది. అక్కను చూసి చెయ్యి కొంగులో దాచుకుంది. నోరు మాత్రం ఆడుతూనే ఉంది.

"ఏమిటే ఇది? ఇంటినిండా చుట్టాలున్నారు. సిగ్గులేదూ?"

"అక్కా, కడుపు నిండుతలేదే," అంది స్వరూప. "తింటే నొస్తది గని నిండదు. అందరికి గట్లనే ఉన్నది. ఎల్లేశానికైతే మరీ. రాత్రి లేసి బర్రెల దాణా తిన్నడు. నువ్వు పెద్ద సదువు సదివినవ్ గద, గిదేందో జెప్పు."

"చదువెందుకు దీనికి? ఇన్నాళ్లు లేక మాడారు, ఇప్పుడు ఉంది కాబట్టి మెక్కుతున్నారు. అలవాటు లేని సంపద. నోరు కట్టుకో, అదే తగ్గుతుంది."

స్వరూప అక్కవైపు చూసింది. కొంగులోంచి గుప్పిలి తీసి మళ్లీ నోట్లో పోసుకుంది. వెళ్లేటప్పుడు ఆమె గిన్నెలో కొర్రమట్ట పులుసు కట్టి ఇవ్వబోయింది, తన నోటి దగ్గర్నుంచి తీసి ఇచ్చినంత కష్టంగా. సులోచన దాన్ని చూడనైనా చూడకుండా కారెక్కింది. వాళ్లు ఆ చేప తింటున్నారన్నది కళ్లముందే ఉంది. అయినా ఆమె బుద్ధి అటు పోలేదు. తిండిపోతుల్ని అసహ్యించుకోవడం అప్పటికి తేలికగా ఉంది.

ఎల్లేశం వానలకు ముందే చనిపోయాడు.

మధ్యాహ్నం స్వరూప ఫోన్ చేసింది. సులోచన జిల్లా ఆస్పత్రికి చేరేసరికి శవాన్ని బయటికి తెస్తున్నారు. సర్జన్ చేతులు కడుక్కుంటూ మాట్లాడాడు.

"జీర్ణాశయం పగిలిపోయింది. పగిలాక కూడా తిన్నాడట. ఆకలి అని ఏడుస్తూ తిన్నాడని భార్య అంటోంది. ఇలాంటివాళ్లు ఆ ఊరినుంచి ఇంతకుముందు కూడా వచ్చారు. అక్కడ నీళ్లలో ఏదైనా ఉందా మేడమ్? మీది ఆ పక్కే కదా."

ఉబ్బి పక్కకు ఒరిగిన చేప అప్పుడు గుర్తొచ్చింది సులోచనకు. కక్కి, వెంటనే మళ్లీ పట్టిన చేప. ఆమె సర్జన్‌కు జవాబు చెప్పకుండా తిన్నగా కేంద్రానికి వచ్చి, ఎలుకల గది తాళం అడిగింది.

ఫర్హానా తాళం తీసింది. "మీరు తీసేయమన్నారు మేడమ్. నేను తీసేయలేదు."

అప్పటి ఎలుకల్లో కొన్ని ఇంకా బతికి ఉన్నాయి. కొర్రమట్ట మాంసం పెట్టడం ఏనాడో మానేసినా, కొలిచి పెట్టిన గింజలు క్షణంలో అయిపోగొట్టి, ఖాళీ గిన్నె అంచును కొరుకుతున్నాయి. పళ్లు అరిగి చిగుళ్లు నెత్తురోడుతున్నాయి. కొలవకుండా పెట్టినవి పగిలి చచ్చాయని ఫర్హానా చెప్పింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్పాను మేడమ్," అంది ఫర్హానా.

*

వేణుమాధవ్ ఏసీ గదిలో ఎదురుగా కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

"మేడమ్, మీరు బాధలో ఉన్నారు. ఇంటి మనిషి పోయాడు. కానీ చేపకూ దీనికీ ముడిపెట్టకండి. ఏడు జిల్లాలకు మన కొర్రమట్టల్ని పంపబోతున్నాం. తినొద్దని బోర్డు పెట్టాం కదా."

"బోర్డు పెడితే తినకుండా ఉంటారా?"

"అది వాళ్ల తప్పు. నేను పైకి రాయాల్సింది రాసేశాను కూడా." ఆయన ఒక వాక్యాన్ని ఇష్టంగా పలికాడు: "అలవాటు లేని సంపద. ఇన్నాళ్లు లేక మాడారు, ఇప్పుడు ఉంది కాబట్టి మెక్కుతున్నారు. ఆ మాట మీరే కదా అన్నారు, మీ చెల్లెలింటి నుంచి వచ్చిన మర్నాడు నాతో. బాగా అన్నారు."

సులోచన ఆయన ముఖంలోకి చూసింది. గుండ్రటి, మెత్తటి ముఖం. ఇన్నేళ్లుగా ఆ ముఖాన్ని చూసి ఆమె లోలోపల నవ్వుకుంది, దాని వెనక ఒక్క సొంత ఆలోచన కూడా లేదని. నిజమే, లేదు. ఇప్పుడు అక్కడ ఉన్న ఆలోచన తనది.

"ఎలుకల్ని చూపిస్తాను," అంది.

"ఎలుకలు లావెక్కాయి, జబ్బు పడలేదు అని మీరే సంతకం పెట్టారు." ఆయన టీ కప్పు ఆమెవైపు జరిపాడు. "విచారణ కమిటీ అంటూ వేసినా, తిండిపోతుల మాట ఎవరు నమ్ముతారు చెప్పండి."

ఎవరూ నమ్మరు. అది ఆమెకు అందరికంటే బాగా తెలుసు. మొన్నటిదాకా తనూ నమ్మలేదు. కమిటీలో కూర్చునేవాళ్లు తనలాంటివాళ్లే: మితంగా తినేవాళ్లు, చేతిరుమాలుతో మూతి అద్దుకునేవాళ్లు. తుంగపాడు మనిషి ఎవరైనా వచ్చి ఆకలి అంటే వాళ్లకు నవ్వొస్తుంది. వాళ్లు నవ్వలేని మనిషి ఒకరు కావాలి. ఆస్పత్రులకు కబురు పెట్టవచ్చు, పరీక్షలు చేయించవచ్చు. అవన్నీ తేలేలోపు చేపలు ఏడు జిల్లాలకు చేరతాయి.

ఆమె ఆ సాయంత్రమే తుంగపాడు వెళ్లింది.

స్వరూప వాకిట్లో కూర్చుని ఉంది. వంటింటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి కూతురికిచ్చి వేరే ఊరు పంపేసింది. నోటికి పని ఉండాలని ఒక గుడ్డముక్కను నములుతోంది.

"ఆ చేపే," అంది సులోచన. "నా చేపే."

"నాకెర్కే," అంది స్వరూప. "ఆయినె సచ్చిపోంగనే ఎర్కయింది. నీకే ఆలిశంగ ఎర్కయింది."

"కొర్రమట్ట ఉందా? నాకు కావాలి. కొన్నాళ్లపాటు రోజూ తింటాను. నాకూ అలాగే అయితే, అప్పుడు నమ్ముతారు."

స్వరూప నోట్లోని గుడ్డ తీసింది. "అంటే నా మొగని కడుపు పగిలింది సాలలే వాళ్లకు. నీ కడుపు గావాలె."

"అంతే. వాళ్లకు అంతే."

"నీకు గూడ అంతే ఉండె."

స్వరూప లేచి, పెరట్లోని సిమెంటు తొట్టివైపు చేయి చూపించింది. అందులో ఎల్లేశం చివరిసారి తెచ్చిన కొర్రమట్టలు ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటున్నాయి.

"పట్టుకపో. నేనైతే వండ."

బూడిద రాసి జారకుండా పట్టుకోవడం, తోలు తీయడం సులోచన మరిచిపోయింది. రెండుసార్లు వేలు కోసుకుంది. క్వార్టర్స్‌లో స్టవ్ మీద అది ఉడుకుతుంటే వచ్చిన వాసన ఆమెను చిన్నప్పటి ఇంట్లో నిలబెట్టింది, ఆమె కక్కుకుంది. కడుక్కుని వచ్చి తిన్నది.

*

మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత ఒక పగలు, భోజనం అయ్యాక లేవబోతూ, ఎందుకు లేస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు. కంచం ఖాళీ అయిందన్నది తప్ప ఇంకో కారణం దొరకలేదు. కడుపు బరువుగా ఉంది. ఆ బరువు ఎవరిదో అన్నట్టు ఉంది. అప్పటినుంచి అది పెరుగుతూనే పోయింది. ఆమె అనుకున్నట్టు అది జిహ్వచాపల్యం కాదు. రుచితో పనే లేదు. నీళ్లలో మునిగినవాడు గాలికోసం చూసినట్టు చూడటమే. ఆ చూపులో మర్యాద, చదువు, పేరు ఏవీ కనిపించవు. ఫర్హానా రోజూ వచ్చి నెత్తురు తీసుకుని, దానితో పాటు వంటింట్లో మిగిలిన ప్రతి తినే వస్తువునూ పట్టుకుపోయేది. ఒకసారి సులోచన ఆమె చేతిలోని సంచిని లాక్కోబోయింది. ఫర్హానా ఏడ్చింది గానీ సంచి వదల్లేదు.

సులోచన రాసిన ఫిర్యాదు మీద వేసిన విచారణ కమిటీ కేంద్రం మీటింగు హాల్లో కూర్చుంది. బల్ల మీద ప్లేట్లలో బిస్కట్లు, జీడిపప్పు. వేణుమాధవ్ మాట్లాడుతుంటే సభ్యులు తలలూపారు. అలవాటు లేని సంపద అన్నప్పుడు ఒకాయన చిరునవ్వు నవ్వాడు.

సులోచన వంతు వచ్చింది. ఆమె నిలబడి, పదార్థం పేరు, అది కండలో పేరుకునే తీరు, ఉడికినా నిలిచే తీరు చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే తన ముందున్న బిస్కట్లు తిన్నది. ప్లేటు అయిపోతే పక్కాయన ప్లేటు లాక్కుంది. మాట ఆపలేదు. ఎదుటివాళ్ల ముందున్నవి బల్ల మీదికి వంగి అందుకుంది. జీడిపప్పు నేల మీద పడితే మోకాళ్ల మీద కూర్చుని ఏరుకు తిన్నది. తింటూనే, తను మొదట రాసిన నివేదికలో ఏ వాక్యం తప్పో చెప్పింది. చీర మీద పొడి, చొంగ. పదునైన నోటికీ తక్కువ తిండికీ పేరుపడ్డ మనిషి. హాల్లో ఎవరూ నవ్వలేదు. కొందరు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు, అసహ్యంతో.

"తిప్పుకోకండి, చూడండి," అంది ఆమె నేల మీదినుంచే. "ఊళ్లో ఐదారు వందలమంది ఇలా ఉన్నారు. వాళ్లు తిండిపోతులని చెప్పింది నేనే. అది అబద్ధం. కావాలంటే పరీక్షలు మీరే చేయించుకోండి, నా నెత్తురు ఫర్హానా దగ్గరుంది."

చేపల లారీలు ఆగిపోయాయి. ఎర్రవాగు తూములెత్తి అడుగు నీళ్లదాకా దించారు. కొర్రమట్టలు అప్పటికే బురదలో ఒకదాన్నొకటి సగం సగం మింగి పడి ఉన్నాయి. అన్నిటినీ ఏరి సున్నం పోసి పూడ్చారు. వేణుమాధవ్‌ను ఇంకో కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడ ఆయన రొయ్యల గురించి ఉపన్యాసాలిస్తున్నాడని వినికిడి. సులోచన ఉద్యోగం పోయింది. మందు కనిపెట్టడానికి ఫర్హానా ప్రయత్నిస్తోంది. తక్కువ తిన్న పిల్లలకు ఆకలి మెల్లగా సర్దుకుంటోంది. పెద్దవాళ్లకు సర్దుకుంటుందన్న నమ్మకం లేదు.

తుంగపాడులో ఇప్పుడు ఎవరింట్లోనూ వంట లేదు. సంఘం షెడ్డులో అందరికీ కలిపి వండుతారు. వండేవాళ్లు పొరుగూరివాళ్లు, సరుకుల గదుల తాళాలు వాళ్ల దగ్గరే. ఎవరి కడుపు వాళ్లకు చెప్పదు కాబట్టి, జంటలుగా కూర్చుంటారు. ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తారు, కొలత అవగానే కంచం లాగేస్తారు. మొగుడు పెళ్లాలు, తల్లీ కొడుకులు, వియ్యపురాళ్లు. కంచం లాగినప్పుడు చేయి చేసుకునేవాళ్లున్నారు, ఏడ్చేవాళ్లున్నారు. మర్నాడు మళ్లీ అదే జంట కూర్చుంటుంది.

సులోచన క్వార్టర్స్ ఖాళీ చేసి అక్కడికే వచ్చింది. వేరే చోటికి పోతే ఆమె కంచం లాగేవాళ్లెవరు. మొదటి పూట షెడ్డులోకి అడుగు పెడితే వరసలో ఉన్న తలలన్నీ ఒకసారి లేచి, మళ్లీ వంగాయి. ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరూ జరగలేదు. ఒక ముసలామె తన కొంగును దగ్గరికి లాక్కుంది. సులోచన అన్నం కంచంతో చివర గోడ దగ్గర ఒంటరిగా కూర్చుంది. చూసేవాళ్లు లేకుండా తినకూడదని అక్కడ కట్టడి. ఆమె కంచం ముట్టలేదు. ముట్టకుండా ఉండటానికి రెండు చేతులూ మోకాళ్ల కింద నొక్కి పెట్టుకుంది.

చాలాసేపటికి స్వరూప వచ్చి ఎదురుగా కూర్చుంది. అక్క ముఖం వైపు చూడలేదు. కంచాన్ని చూసింది.

"తిను," అంది.

సులోచన తిన్నది. మెతుకు మెతుకుకూ ఇంకా ఇంకా అని లోపల ఏదో గోళ్లతో గీరుతుంటే తిన్నది. కొలత అయ్యేసరికి స్వరూప చేయి చాచి కంచం లాగింది. సులోచన వేళ్లు అంచును పట్టుకుని వదల్లేదు. అప్పుడు స్వరూప తలెత్తి చూసింది. ఆ కళ్లలో జాలి లేదు. కోపమూ లేదు. వలలో పడ్డ పనికిరాని చేపను చూసినట్టు చూస్తోంది.

"ఇడు," అంది.

"ఇంకొక్క ముద్దనే స్వరూపా. ఒక్కటంటె ఒక్కటే," అంది సులోచన. చిన్నప్పుడు మార్చుకున్న మాట తిరిగి నోటికొచ్చిందని కూడా ఆమెకు తెలియలేదు.

స్వరూప ఒక్కొక్క వేలే విప్పి కంచం తీసుకుంది. దాన్ని పక్కవాళ్లకు అందించి, తన కంచం తెచ్చుకుని అక్క ముందు పెట్టుకుంది.

"ఇగ నేను తింట. నువ్వు సూడు," అంది. "కొలత కాంగనే గుంజు. నేను తిట్టినా గుంజు."

సులోచన కళ్లు తుడుచుకుని చెల్లెలి కంచాన్ని చూడసాగింది.